లోపలికి పోయిన పిల్ల

అక్షితను లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. అప్పటి నుంచి అనసూయ ఆ తలుపు మీంచి చూపు తిప్పలేదు.

నాంపల్లిలోని ఆ పిల్లల ఆస్పత్రిలో, ఆపరేషన్ థియేటర్ ముందు బెంచీలన్నీ నిండిపోయాయి. అనసూయ నేలమీదే చతికిలబడింది. పక్కనే అక్షిత తల్లి చంద్రిక, తండ్రి రాజేందర్.

పదేళ్ల పిల్లకు క్లోమంలో గడ్డ. క్లోమమంటే ఏమిటో తెలియక, అనసూయ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సైన్సు పుస్తకం కొనుక్కొచ్చి కూడబలుక్కుంటూ చదివింది. బొమ్మలో అది కడుపు వెనక దాక్కున్న ఆకులా ఉంది. అంత లోపలున్నదాన్ని అందుకోవాలంటే పసిదాన్ని ఎంత లోతుకు కొయ్యాలి? 

"అవ్వా, జర చాయన్న తాగు," అంది చంద్రిక.

"పిల్ల బయటికొచ్చినంక తాగుత."

"నువ్వే గిట్ల వణుకుతుంటే నాకు ధైర్యం ఎవరు చెప్పాలె?"

 అనసూయ భర్త ఇలాంటి తలుపు వెనక్కే నవ్వుతూ వెళ్లాడు. కూతురు చెయ్యి ఊపుతూ వెళ్లింది. ఇద్దరినీ గుడ్డ కప్పి తెచ్చి అప్పగించారు. ఒంటి మీద కత్తి పడ్డవాళ్లు ప్రాణంతో తిరిగి రావడం ఆమె ఇంతవరకూ కళ్లారా చూడలేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టర్ మృదుల స్టీలు ట్రేతో బయటికొచ్చింది. తీసిన గడ్డను రోగి తాలూకు వాళ్లకు చూపించడం అక్కడి అలవాటు. చంద్రిక కళ్లు మూసుకుంది. రాజేందర్ గోడవైపు తిరిగాడు. అనసూయ మాత్రం లేచి, వంగి మరీ చూసింది. సపోటా పండంత ఉంది.

"గడ్డ మొత్తం వచ్చేసింది. క్లోమం చివర కొంత తీసేశాం. పాప బాగుంది."

"ఊపిరి తనే తీస్తున్నదా డాక్టరమ్మా? కండ్లు తెరిచిందా? మళ్ల అన్నం తింటదా?"

"తింటుందమ్మా, కొన్నాళ్లు ఆగాలి."

రాజేందర్ కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. "ఏంది అవ్వా, డాక్టరమ్మకే పరీక్ష పెడ్తున్నవ్?"

"నా కండ్లతోటి చూస్తేనే నమ్ముత."

స్ట్రెచర్ వచ్చింది. ముక్కులో గొట్టం, చేతికి సూది. పిల్ల పెదవులు కదిలాయి. "అమ్మా..."

చంద్రిక బావురుమంది. ఆమె, రాజేందర్ స్ట్రెచర్ వెంట పరుగెత్తారు. అనసూయ గోడ పట్టుకుని, దుప్పటి కింద ఆ చిన్ని ఛాతీ లేచి పడటాన్ని మలుపు దాటేదాకా చూస్తూ నిలబడింది.

తర్వాత గబగబా వార్డుకు వెళ్లి, అక్షిత ఖాళీ చేసిన మంచం పక్క మంచంలో అలాంటి గడ్డతోనే పడుకుని ఉన్న తన మనవరాలు సంహిత తల నిమిరి, ఇన్నాళ్లూ ఆపరేషన్‌కు ససేమిరా అన్న నోటితోనే నర్సును పిలిచింది: "బిడ్డా, ఇగ మా పిల్లను గూడ తీస్కపోండ్రి."