రెండు లైన్ల రూటర్

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఉన్న ఆ మూడో అంతస్తు ఆఫీసుకి రాఘవేందర్ దొంగతనానికే వెళ్లాడు.

అతని పద్ధతి తేలిక. మెడలో ఐడీ కార్డు, భుజాన బ్యాగు, బ్యాగులో పాడైపోయిన రూటర్. "నెట్ కంపెనీ నుంచి వచ్చిన, లైన్ చెక్ చేయాలె" అంటే ఏ ఆఫీసులోనూ ఎవరూ ఆపరు. మంచి రూటర్ బ్యాగులోకి, పాడైంది దాని చోట్లోకి. రెండు నెట్ లైన్లను కలిపి నడిపే ఖరీదైన రూటర్లంటే అతనికి మరీ ఇష్టం. అమీర్‌పేటలోనే ఆర్నెల్లు నెట్‌వర్కింగ్ నేర్చుకున్నాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు రోజుకొకటి తెరుస్తున్నా, అనుభవం లేదని ఒక్కరూ ఉద్యోగం ఇవ్వలేదు.

అది ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీ. వరండాలో కుర్రాళ్లు ఫారాలు నింపుతున్నారు. యజమానురాలు జానకీదేవి అతన్ని చూడగానే ఎదురొచ్చింది.

"అమ్మయ్య, వచ్చావా బాబూ! రెండ్రోజుల నుంచి కంప్లైంట్ ఇస్తుంటే ఇప్పుడా రావడం?"

రాఘవేందర్ తెల్లబోయాడు. నిజంగా చెడిపోయిన చోటికి రావడం అతనికదే మొదలు.

"ఏమైంది మేడం?"

"అన్నీ వస్తున్నాయి. బ్యాంకు సైటొక్కటే, లోపలికెళ్లిన నిమిషానికే బయటికి తోసేస్తోంది. రవళీ, చూపించమ్మా."

కంప్యూటర్ ముందున్న అమ్మాయి పాస్‌వర్డ్ కొట్టింది. సైటు తెరుచుకుంది. ఇంకో రెండు నొక్కులు నొక్కేసరికి మళ్లీ మొదటికొచ్చింది.

"బాగు చేసి తెస్తా" అని రూటర్ బ్యాగులో వేసుకుంటే సరిపోయేది. చేతులు ఊరుకోలేదు. ఒక లైను పీకి చూశాడు. సైటు నిలబడింది. అది పెట్టి రెండోది పీకాడు. అప్పుడూ నిలబడింది. రెండూ పెట్టగానే మళ్లీ బయటికి.

"సమజైంది మేడం! గీ రూటర్ ఒక పని గీ లైన్ల, ఇంకో పని గా లైన్ల పంపుతుంది. ఒకే మనిషి ఒకసారి ముందు తలుపుల, ఇంకోసారి ఎన్క తలుపుల కనిపిస్తే బ్యాంకోడు దొంగ అనుకోడా? జర ఆగుండ్రి."

బ్యాంకు పనులన్నీ ఒకే లైన్లో పోయేట్టు సెట్టింగ్ మార్చాడు. పది నిమిషాలైనా సైటు బయటికి తోయలేదు. రవళి చప్పట్లు కొట్టింది.

"ఎంత పుణ్యం కట్టుకున్నావు బాబూ!" జానకీదేవి కళ్లు మెరిశాయి. "నీలాంటివాడే మాకు కావాలి. రేపు పదింటికి సర్టిఫికెట్లు పట్టుకుని రా. ఉద్యోగం ఇస్తాను."

అనుభవం ఎంత అని అడగలేదావిడ. మెట్లు దిగి, బ్యాగులోని పాడు రూటర్‌ని చెత్తకుండీలో పడేశాడు రాఘవేందర్. పంజాగుట్టలోని గదికి వెళ్లేదాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు పదింటికి ఇస్త్రీ చొక్కాతో వచ్చేసరికి మెట్ల నిండా జనం. పైన పోలీసులు.

"ఏమైందన్నా?" అని ఒక కుర్రాణ్ణి అడిగాడు.

"మేడం జంప్. ఉద్యోగాలిప్పిస్తనని మూడొందల మందితోని డిపాజిట్ కట్టించుకుంది. నా పైసలు సుత పోయినయ్."

రాఘవేందర్ సర్టిఫికెట్లు చంకలో పెట్టుకున్నాడు. వెనక్కి తిరగబోయాడు. ఎస్సై పక్కన ఏడుస్తూ నిలబడ్డ రవళి అతన్ని చూసేసింది.

"ఈయనే సార్!"

ఎస్సై వచ్చి భుజం పట్టుకున్నాడు.

"సార్, ఒట్టు! నేను గీ ఆఫీసుల ఒక్క వస్తువు సుత ఎత్కపోలే!" జీవితంలో మొదటిసారి పోలీసులతో నిజం చెప్పాడు రాఘవేందర్.

"నిజమే సార్, ఏమీ తీసుకెళ్లలేదు," రవళి కళ్లు తుడుచుకుంది. "బ్యాంకు సైటు పనిచేయక డబ్బు పంపలేక రెండ్రోజులుగా మేడం ఇక్కడే ఇరుక్కుపోయింది, నిన్న ఈయనొచ్చి బాగుచేసిన గంటలోనే అంతా దాటించేసింది!"