శాక్సఫోన్ మొక్కుబడి

టైఫాయిడ్ జ్వరంతో కూతురు కళ్లు తెరవడం మానేసిన రోజున జకరయ్య దేవునికి మొక్కుబడి చేసుకున్నాడు. బిడ్డ బతికితే, నందలూరు రైల్వే క్లబ్బులో దొరలు డాన్సులాడే జాజ్ పాటలు ఇక జన్మలో వాయించడు. తన శాక్సఫోన్ దేవుని పాటలకే.

అప్పటి నుంచి మంచం పక్కన కూర్చుని కీర్తనలే వాయిస్తున్నాడు. బిడ్డ కదలలేదు. ఈ మధ్యాహ్నం డాక్టరు నాడి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

"దేవునికి వాయించింది చాల్లే. బిడ్డకు వాయించు," అంది భార్య మార్తమ్మ. "దానికి శానా ఇష్టం గదా, ఆ డాన్సు పాట."

"మొక్కుబడి తప్పమంటాండావా? బిడ్డ మీదికి వస్తాది."

"ఇంక రావాల్సింది ఏముండాదో చెప్పు."

జకరయ్య ఆ డాన్సు పాట మొదలుపెట్టాడు. ఊపిరి చాలక పాట మధ్యలో తెగింది. మళ్లీ అందుకునేసరికి, దుప్పటి కింద బిడ్డ కాలి బొటనవేలు తాళానికి కదిలింది.

అతను భయపడి శాక్సఫోన్ దించేశాడు.

"నిలపొద్దయ్యా," అంది మార్తమ్మ. "బిడ్డ లేస్తే ఆదివారం చర్చిలో నీ చేత ఈ పాటే వాయింపిస్తానని, నీకంటే ముందే మొక్కుకుంటి."