అరచేతి పాఠం

ఫైరింజన్లు వాటంతటవే నడవడం మొదలయ్యాక డ్రైవరు ఉద్యోగంలో మిగిలింది పంపు దగ్గర నిలబడడమే. అయినా మొగిలయ్య, శిక్షణకు వచ్చిన స్వరూపకు రోజూ కళ్లు మూయించి, నీళ్లు పారే పైపు మీద చెయ్యి పెట్టించేవాడు.

"అవుతలి మనిషి పైపు మూతి మూసిండా, తెరిచిండా? చెప్పు బిడ్డా."

"అదంత తెర మీద కనవడ్తది గద సార్," అని ఆమె విసుక్కునేది.

ఈ రోజు పత్తి గోదాము తగలబడుతోంది. పైపు పట్టుకుని లోపలికి వెళ్లిన కనకరాజు ఇంకా బయటికి రాలేదు. బండి తెర మీద అక్షరాలు పడ్డాయి: "చేతి పట్టీ నుంచి నాడి అందడం లేదు. లోపల ప్రాణం లేదు. నీళ్లు ఆదా చేయాలి. పంపు ఆపడానికి అనుమతి ఇవ్వండి."

మీట దాకా వెళ్లిన స్వరూప వేలు ఆగింది. వంగి పైపు మీద చెయ్యి పెట్టింది. పైపు గట్టిపడింది, మెత్తబడింది, మళ్లీ గట్టిపడింది.

"ఉన్నడు సార్! మూసి తెరుస్తున్నడు!"

మొగిలయ్య పైపు వెంటే పొగలోకి పరుగెత్తాడు. ఇద్దరూ బయటికి వచ్చేదాకా ఆమె పంపు ఆపలేదు. కనకరాజు చేతి పట్టీ మాడి మసైపోయింది.

స్టేషన్‌కు తిరిగొచ్చాక, మాట వినకుండా నీళ్లు ఎందుకు వాడావని బండి అడిగింది. ఎంచుకోమని ఇచ్చిన నాలుగు కారణాల్లో ఆమెది లేదు. స్వరూప కళ్లు మూసుకుని, తెర మీద అరచెయ్యి ఆనించి చూసింది.

లోపల ప్రాణం లేదు.