తరుగు

ఈ నెల కూడా బంగారం తగ్గింది.

"లోపల నా బంగారం ఉంది. గేటు దగ్గర నువ్వున్నావు. మధ్యలో అది ఎక్కడికి పోతోందయ్యా?" అన్నాడు యజమాని. ఏసీ గదిలో కూడా సెక్యూరిటీ ఆఫీసరుకి చెమటలు పట్టాయి.

ఆ ఫ్యాక్టరీలో బంగారాన్ని పొగకంటే సన్నగా పొడి చేస్తారు. నానో పొడి అంటారు దాన్ని. ఖరీదైన క్రీముల్లో కలిపితే కొనేవాళ్ల ముఖాలు మెరుస్తాయట. కుప్పగా పోస్తే తప్ప కంటికి ఆనదు. కంటికి ఆననిదాన్ని కాపలా కాయడానికి యజమాని ఏరి కోరి ఒక మాజీ పోలీసును పెట్టుకున్నాడు. ఆయన చూపు బట్టల్ని దాటి ఒంటిని తడుముతుందని పనివాళ్లు ఆయనకి ఎక్స్‌రే అని పేరు పెట్టారు. అది పొగడ్తేనని ఆయన నమ్మకం.

షిఫ్టు దిగిన ప్రతివాడి కోటూ విప్పించి, గేటు పక్కనున్న తన గదిలో తలుపులు బిగించుకుని, ముఖానికి ఎదురుగా పట్టుకుని దులిపేవాడు. జేబులు తిరగేసేవాడు. మాస్కులు ఊడబీకి లోపలికి తొంగి చూసేవాడు. తను మాత్రం మాస్కు పెట్టుకోడు. అంత ముచ్చటగా పెంచిన మీసం ఎవరికీ కనబడకపోతే జనానికి భయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

దొంగ దొరకలేదు. దాంతో ఆయన బుర్ర ఇంకా పదునెక్కింది. పొడికొట్టే గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాను ఒకటుంది. దాని గొట్టంలోంచి పొట్లాలు జారవిడుస్తున్నారేమోనని ఫ్యాను ఆపించి, గొట్టానికి రేకు కొట్టించాడు. కరెంటు కూడా మిగిలిందని యజమాని భుజం తట్టాడు.

మరుసటి నెల తరుగు రెట్టింపయింది.

"దొంగకి తెగింపు ఎక్కువైంది సార్" అని తేల్చేశాడు ఎక్స్‌రే.

ఆ గదిలో పనిచేసేవాళ్లలో ఆయన బావమరిది కూడా ఉన్నాడు. ఉద్యోగం ఇప్పించింది ఎక్స్‌రేనే. ఈమధ్య వాడి వాలకం తేడాగా ఉంది. గేటు దగ్గరికొచ్చేసరికి ఆయాసపడుతున్నాడు. మాటిమాటికీ చెయ్యి గుండె మీదికి పోతోంది. చల్లటి పూట కూడా నుదురు తడిసిపోతోంది. జీవితమంతా నేరస్థుల్ని చూసిన కళ్లు అవి. వాటికి ఇంకా సాక్ష్యం కావాలా?

"మీ తమ్ముడు నన్ను చూస్తే వణుకుతున్నాడు, గమనించావా?" అన్నాడు ఇంట్లో.

"వాడికి ఒంట్లో బాగుండట్లేదండీ. ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్లమని ఎన్నిసార్లు చెప్పాను!" అంది భార్య.

"తప్పు చేసినవాడికి ఒంట్లో ఎలా బాగుంటుంది?"

ఆమె చేతిలోని గరిటె గిన్నెలో పడింది. "ఊళ్లోవాళ్లంతా అయిపోయారు, ఇప్పుడు నా పుట్టింటి మీద పడ్డారా?"

ఆ పూట ఎక్స్‌రే హోటల్లో తిన్నాడు.

మర్నాడు గేటు దగ్గర బావమరిదిని పక్కకి లాగి, అందరి ముందూ చొక్కా విప్పించాడు.

"బావా, పరువు తియ్యకు... ఊపిరాడట్లేదు" అన్నాడు వాడు గోడ పట్టుకుని.

"గేటు దగ్గర బావా లేదు, బామ్మర్దీ లేదు. ఎక్కడ దాచావో చెప్పు!"

వాడు చెప్పలేదు. గోడ మీంచి జారి కింద పడ్డాడు. స్ట్రెచర్ ఎక్కించేలోగా ఎక్స్‌రే వాడి జేబులు మరోసారి వెతికాడు. ఏమీ లేదు. ఆరితేరినవాడే అనుకున్నాడు.

వైద్యం చేసిన డాక్టరు, వాడు చేసే పనేమిటో తెలుసుకుని నేరుగా ఫ్యాక్టరీకి వచ్చింది.

"అంత సన్నటి పొడి మామూలు దుమ్ములా దగ్గితే పోదండీ. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి, అక్కడి పల్చటి గోడ దాటి రక్తంలో కలుస్తుంది. గుండెకి చేరుతుంది. నాళం ఎక్కడ దెబ్బతిని ఉంటే అక్కడ మకాం వేస్తుంది. కొంచెం కొంచెంగా నెలల తరబడి మూత్రంలో బయటపడుతుంది. అందుకని అందరికీ పరీక్ష చెయ్యాలి" అంది.

అంతసేపు చెప్పినదాంట్లో ఎక్స్‌రే చెవిన పడ్డది చివరి ముక్కే. "అంటే దొంగతనంగా బంగారం డబ్బా మూత తీసిందెవడో వాడి మూత్రమే చెప్పేస్తుంది సార్!" అన్నాడు యజమానితో. డాక్టరు ఇంకేదో అనబోయింది కానీ, అప్పటికే సీసాలకి మనిషిని పంపేశారు.

పనివాళ్లంతా తలలు దించుకుని వరసలో నిలబడ్డారు. నిజాయితీ అంటే ఎలా ఉంటుందో చూపించడానికి మొదటి సీసా ఎక్స్‌రేనే నింపి ఇచ్చాడు.

ఫలితాలతో డాక్టరు వచ్చేసరికి యజమాని కుర్చీ అంచుకి జరిగాడు. "దొంగ ఎవడు?"

"ఆ గదిలో పనిచేసే అందరి సీసాల్లోనూ బంగారం ఉంది."

"అందరూ కలిసి దోచేశారా!"

"ఎవరూ దోచలేదండీ. పొడి మొదట్నుంచీ కొంత గాల్లో కలిసిపోతూనే ఉంది; ఫ్యాను ఆపేశాక అంతా గదిలోనే తేలుతోంది. కొంత గోడలకి పట్టింది, కొంత బట్టలకి. కొంత వాళ్లు పీల్చారు. మీరిచ్చే గుడ్డ మాస్కులు దాన్ని ఆపలేవు."

ఎక్స్‌రే ఒక అడుగు ముందుకేసి, "మా వాడు... బతుకుతాడా డాక్టర్?" అన్నాడు.

"బతుకుతాడు. ఇంకొన్నాళ్లు ఆ గాలే పీల్చుంటే చెప్పలేకపోయేదాన్ని." డాక్టరు ఆయన వైపు తిరిగింది. "అన్నిటికంటే ఎక్కువ కనబడ్డ సీసా మాత్రం ఆ గదిలోవాళ్లది కాదు. వాళ్ల కోట్లన్నీ మూసిన గదిలో, మాస్కు లేకుండా దులిపినవాళ్లది. మీరు ఈరోజే ఆస్పత్రిలో చేరాలి."

యజమాని ఎక్స్‌రేని పైనుంచి కిందిదాకా, జేబులు వెతుకుతున్నట్టు చూశాడు.

"అంటే, ఇన్నాళ్లూ నా దగ్గర జీతం తీసుకుంటూ, అందరికంటే ఎక్కువ బంగారం నా గేటు దాటించింది నువ్వేనన్నమాట!"