స్టీలు డబ్బాలో పెరుగు

ఒమాన్‌లోని బర్కాలో చీజ్ ఫ్యాక్టరీ గేటు దగ్గర గొడవ విని తయ్యబా ల్యాబులోంచి విసురుగా బయటికొచ్చింది.

యాభై దాటిన ఒకామె స్టీలు డబ్బా పట్టుకుని సెక్యూరిటీని బతిమాలుతోంది.

“ఏందమ్మా?”

“మన కడప మాటే! రియాజ్ సారుకు పెరుగు తెచ్చినా తల్లీ. ఫోన్లో అడిగినాడు.”

“సారు మస్కట్ పోయినాడు. ల్యాబులోకి తినేవి రాకూడదు.”

“నాకు ఫ్లయిటు టైమైతాంది. ఫ్రిజ్జులో పెట్టు తల్లీ, ఎండకు పాడైతాది.”

తయ్యబాకు చిర్రెత్తుకొచ్చింది.

చీజ్ చెడిపోకుండా కలిపే పెప్టైడ్ బలం కొలవడం ఆమె డ్యూటీ. బాక్టీరియా పెంచిన ప్లేటులో చిన్న గుంట చేసి, అందులో పెప్టైడ్ చుక్క వేస్తుంది. బాక్టీరియా చచ్చినంత మేర చుట్టూ తేటగా వలయం కనిపిస్తుంది. ఆ వలయం ఈసారి మరీ చిన్నదైపోయింది. వేసవిలో ఫ్రీజర్ చెడి, పెప్టైడ్‌ను తయారుచేసే సూక్ష్మజీవి నీరసించినప్పటి నుంచీ ఇదే తంతు. ఇలాగే ఉంటే ల్యాబు మూసేస్తామని కంపెనీ తేల్చి చెప్పేసింది.

ఆ చిరాకంతా ఈమె మీదికి మళ్లింది.

“సరే, ఇట్లియ్యి,” అంటూ డబ్బా లాక్కుంది.

ఆమె దండం పెట్టి టాక్సీ ఎక్కింది.

క్యాంటీన్ ఫ్రిజ్జు దాకా నడవడానికి తయ్యబా బద్ధకించింది. వాడేసిన ప్లేట్లతో పాటు పెరుగునూ ఆటోక్లేవ్‌లో పెట్టి స్విచ్ వేసింది. బయటి తిండి ల్యాబులోకొస్తే అలా మరిగే ఆవిరిలో ఉడికించి పారేయడం అక్కడి రూలు.

సాయంత్రం ల్యాబు నడిపే రియాజ్ వస్తూనే అడిగాడు.

“కాశమ్మ పెరుగిచ్చి పోయిందంట, ఏదీ?”

“ఆటోక్లేవ్‌లో వేసేసినా సార్. ఇంటి పెరుగే కదా అని...”

రియాజ్ కుర్చీలో కూలబడ్డాడు.

“నీకు చెప్పకుండా పోయినా. నాదే తప్పు.”

“ఇంకోసారి తెమ్మందాం సార్.”

“యాడ్నుంచి? ఘుబ్రాలో వంటపని మానేసి, ఇంటికి పోతాంది. ఉన్న కాస్త తోడూ మనకే ఇచ్చి గిన్నె కడిగేసింది.”

ఆమె పేరైనా అడగలేదే అనుకుంది తయ్యబా.

“ఏముంది సార్ ఆ పెరుగులో?”

“మన సూక్ష్మజీవే, నీరసం రానిది. నేను దాన్ని మొదట పట్టుకున్నది ఆమె పెరుగులోనే. ఈ ల్యాబు పుట్టింది కాశమ్మ గిన్నెలోంచే తయ్యబా.”