ఫ్యాను విప్పి, ఇంట్లో బిగించి

ప్రిన్సిపాలు ముత్యాలరాజు గారి దొంగతనం సోమవారం పొద్దున్నే కాలేజీ నోటీసు బోర్డులో, అద్దం వెనక, ఒక్క తప్పు కూడా లేని ఇంగ్లిషులో అంటించి ఉంది.

దొంగతనం సంగతి అందరికీ ఎప్పుడో తెలుసు. తప్పు లేని ఇంగ్లిషే ఎవరికీ మింగుడు పడలేదు. రాజోలులో ఆ కాలేజీ పెట్టి పన్నెండేళ్ళయింది. అక్కడ అలాంటి ఘోరం జరగడం అదే మొదలు.

ముత్యాలరాజు గారు ఆ ప్రింటు కాగితాన్ని ఊడబీకి, ఇంగ్లిషు మేష్టారు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారిని తన గదిలోకి పిలిపించారు.

"ఏంటండీ ఇది?"

మేష్టారు కళ్ళజోడు జేబులో ఉండగానే కాగితం అందుకుని గడగడా చదివేశారు.

"హేవింగ్ రిమూవ్డ్ అవర్ ఫ్యాన్ అండ్ ఫిక్స్డ్ ఇట్ ఇన్ హిజ్ హౌస్, ద ప్రిన్సిపాల్, స్లీపింగ్ అండర్ ఇట్, అడ్వైజెస్ అస్ టు కీప్ కూల్."

"తెలుగులో చెప్పండి బాబూ."

"మా ఫ్యాను విప్పి, తన ఇంట్లో బిగించి, దాని కింద పడుకుంటూ, ప్రిన్సిపాలు గారు మమ్మల్ని చల్లగా ఉండమంటున్నారు అనండి." మేష్టారి గొంతులో పారవశ్యం దాగలేదు. "వాక్యం ఎంత శుభ్రంగా ఉందో చూడండి. విప్పడం, బిగించడం ముందే అయిపోయిన పనులు. అందుకని హేవింగ్. పడుకోవడం ఇంకా జరుగుతోంది. అందుకని స్లీపింగ్."

"ఇంకా జరుగుతోందని వీడికెవడు చెప్పేడండీ?"

"వ్యాకరణం చెప్తోందండి."

ముత్యాలరాజు గారు నుదుటి చెమట తుడుచుకున్నారు. జూన్ నుంచి ఇంగ్లిషుకి మేష్టార్ని మానిపించి, ఫోన్లో పాఠాలు చెప్పే యాప్ పెట్టాలని ఆయన నిర్ణయించి అప్పటికి వారమైంది. కారణం కూడా మేష్టారి మొహం మీదే చెప్పారు. పన్నెండేళ్ళలో ఒక్క పిల్లకీ పిల్లాడికీ ఒక్క వాక్యం రాలేదు. అది అబద్ధమని మేష్టారు కూడా అనలేకపోయారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి పక్కనున్న అమలాపురంలో కూడా కొత్తగా ఉద్యోగమిచ్చేవాళ్ళూ లేరు.

"మన పిల్లల్లో ఒకరికి వచ్చిందండి," అన్నారు మేష్టారు. "ఇంక యాప్ ఎందుకండీ?"

"ఆయ్, వచ్చింది. ఆ వచ్చినోణ్ణి పట్టుకొచ్చి నా ముందు నిలబెట్టండి. జూన్ తర్వాత కూడా మీరే ఉంటారు. ఆడు మాత్రం ఉండడు."

మేష్టారి మొహంలో వెలుగు సగానికి పడిపోయింది.

"పట్టుకోవడం కష్టమండి."

"మీకు కష్టం. నాకు కాదు."

ముత్యాలరాజు గారు స్వయంగా తరగతిలోకి నడిచారు. బోర్డు మీద తెలుగులో ఒక వాక్యం రాశారు. దొంగ తాళం తీసి, లోపలికి వెళ్ళి, కాగితం అంటించి, పారిపోయాడు. దీన్ని ఇంగ్లిషులో ఒకే వాక్యంగా రాయాలి. ఎవడు సరిగ్గా రాస్తే వాడే దొంగ.

నలభై రెండు మంది, ఫ్యాను పోయాక మిగిలిన కొక్కెం కింద కూర్చుని, చెమటలు కక్కుతూ రాశారు.

మేష్టారు జేబులు తడుముకుని, కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఒక్కొక్క కాగితం దిద్దారు.

"నిఖిత. ఓపెనింగ్, గోయింగ్, పేస్టింగ్, రన్నింగ్. నాలుగూ ఒకేసారి చేయించేసిందండి. ఈ దొంగకి ఎనిమిది చేతులుండాలి."

"తర్వాత?"

"హేమంత్. హేవింగ్ రన్ అవే, హి ఓపెన్డ్ ద లాక్. ముందు పారిపోయి, ఆనక తాళం తీసేడండి."

"బుల్లిరాజు?"

"హేవింగ్ ఓపెన్డ్ ద లాక్, ద పేపర్ వెంట్ ఇన్‌సైడ్. ఈడి లెక్కన తాళం తీసింది కాగితమేనండి. తీసి, అదే లోపలికి నడిచెళ్ళింది."

"అయితే కాగితాన్ని సస్పెండ్ చెయ్యమంటారా?"

నలభై ఒక్క కాగితాలు అలాగే నిర్దోషులుగా తేలాయి. చివరిది శిరీషది. హేవింగ్ ఓపెన్డ్ ద లాక్, ద థీఫ్... అక్కడిదాకా సరిగ్గానే ఉంది. తర్వాత ఖాళీ.

"దొరికింది," అన్నారు ముత్యాలరాజు గారు.

సఖినేటిపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. వారంలో పరీక్షలు. ప్రిన్సిపాలు గదిలోకి వచ్చేసరికే కళ్ళు నిండిపోయాయి.

"నాకు సగమే వచ్చండి."

"మిగతా సగం దాస్తున్నావు."

"దాచుకునేంత ఇంగ్లిషు నా దగ్గరెక్కడిదండి?"

"హాల్ టికెట్ లేదు. టీసీ పట్టుకుని వెళ్ళు."

"మా నాన్నగారు కువైట్ నుంచి రోజూ ఫోన్ చేసి హాల్ టికెట్ గురించే అడుగుతున్నారండి. ఏం చెప్పమంటారు?"

"కీప్ కూల్ అని చెప్పు."

ముత్యాలరాజు గారు టీసీ నింపారు. కారణం దగ్గర 'ఇంగ్లిషు వచ్చుట' అని రాయబోయి, ఎందుకో ఆగి, 'క్రమశిక్షణ లేకపోవుట' అని మార్చారు. కాగితాన్ని మేష్టారి వైపు తోశారు.

"పట్టుకున్నది మీరేనని కింద సంతకం పెట్టండి. మీ ఉద్యోగానికి ఢోకా లేదు."

మేష్టారు పెన్ను మూత తీశారు. శిరీష రాసిన సగం వాక్యం వైపు చూశారు. పన్నెండేళ్ళ పంట అది. మూత మళ్ళీ పెట్టేశారు.

"ఈ పిల్లని వదిలెయ్యండి. పన్నెండేళ్ళు పాఠం చెప్పి, ఒక్కరికైనా వచ్చిందని మీకు చూపించలేక, ఆదివారం ఎవరూ లేనప్పుడు వచ్చి, తాళం తీసి, బోర్డులో ఆ కాగితం అంటించి వెళ్ళింది నేనేనండి."