ఖాళీగా వదిలిన గడి

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఆఫీసులో ఆ రాత్రి రంజిత ఒక్కతే మిగిలింది. తను రాస్తున్న ఆసుపత్రి గాయాల రిజిస్టరు ప్రోగ్రామును పరీక్షించడానికి కొడుకు పునీత్ పేరు ఎక్కించి, గాయం గడి ఖాళీగా వదిలింది. సేవ్ చేయగానే అందులో ‘తలపై సుత్తి దెబ్బ, రాత్రి 9.10’ అని పడింది.

ప్రోగ్రాము కోడంతా గాలించినా ఆ మాట ఎక్కడా లేదు. చెరిపి మళ్ళీ సేవ్ చేస్తే, ‘మూడు దెబ్బలు, పుర్రె చిట్లింది’ అని వచ్చింది.

గోడ గడియారంలో 9.08. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

“పునీతు నిద్రపోతుండాడు,” అంది అత్త సొన్నమ్మ. “వాకిట్లో నిలబడి ఫోనెందుకే? తలుపు అట్లా బాదితే బిడ్డ లేస్తాడు. తీస్తుండా, ఉండు.”

“అత్తా, నేనింకా ఆఫీసులోనే ఉండా! తీయొద్దు!”

గడియ తీసిన చప్పుడు వినబడింది. తెరమీద పునీత్ పేరుకు పైన కొత్త వరుస దానంతటదే పడింది: సొన్నమ్మ, రాత్రి 9.09.